రెండు వేళ్ళ వెలితి

మా ఇంట్లోకి ఏ సీసా వచ్చినా నేను ఊరికే ఉండలేను. దగ్గుమందు గానీ, కొబ్బరినూనె గానీ, ముందు అట్ట మీద ఎంతని ఉందో చదవాలి. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకపోయి, వెలుతురుకు పెట్టి, ఎంతవరకు ఉందో చూడాలి. మా ఆమె నెత్తి కొట్టుకుంటుంది. "ఏందయ్యా నీ పిచ్చి! రిటైరైనా ఇంకా సీసాలు పట్టుకుంటానే ఉండావా?" అంటుంది. నేను సీసాను అల్మారాలో పెట్టి, ఇంకోసారి పోయి చూసి వస్తాను.

ఎక్సైజులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తారు. "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి" అంటారు. నల్లమల అంచున నాటుసారా బట్టీలు పగలగొట్టిందీ, బెల్లం ఊట కడవలో కాలు పెట్టి మా జీపు డ్రైవరు జారిపడిందీ చెప్తాను. పడీపడీ నవ్వుతారు. మరిచిపోలేని కేసు మాత్రం అది కాదు. అసలుది నోటితో చెప్పలేను. అందుకే రాస్తున్నా. ఇందులో ఎవరి పేర్లూ రాయను, మీరూ అడగొద్దు.

నా సర్వీసు చివరి ఏడు. గిద్దలూరు దగ్గర హెడ్ కానిస్టేబుల్‌ని. మందు అంగళ్ళన్నీ సర్కారే నడిపిన రోజులు అవి. మన రాష్ట్రం స్టిక్కరు లేని సీసా ఒక్కటి దొరికినా కేసు కట్టాల్సిందే. యర్రగొండపాలెం దారిన బైకుల్లో, బస్సుల్లో, పాలక్యాన్లలో కూడా పక్క రాష్ట్రం మందు దిగేది. రోజుకు రెండు మూడు కేసులు. పట్టుకునేది ఎవరైనా రాసేది నేను. నా చేతిరాత ముద్దుగా ఉంటుందని ఆ పని నా నెత్తిన పడింది.

పంచనామా అంటే మీకు తెలిసిందే. ఫలానా చోట, ఫలానా మనిషి దగ్గర, ఇద్దరు పెద్దమనుషుల ముందు, ఇన్ని సీసాలు పట్టుకున్నామని అక్కడికక్కడే కూర్చుని రాయాలి. మేం అట్ల రాసేవాళ్ళం కాదు. పొద్దున్నే స్టేషన్లో టీ తాగి, నాలుగైదు పంచనామాలు ముందే రాసి పెట్టుకునేవాణ్ణి. పేరుకు, ఊరికి, సీసాల లెక్కకు మాత్రం ఖాళీ వదిలేవాణ్ణి. మిగతాదంతా ఒకటే పాఠం. "ఏడువందల యాభై మిల్లీలీటర్ల నిండు సీసాలు, మూత చెడనివి." సాక్షులుగా పిలిచిన పెద్దమనుషులు ఎండలో గంటసేపు నిలబడరు గదా, ఖాళీలు నింపి సంతకాలు తీసుకుంటే పని అయిపోతుంది. అన్నిచోట్లా ఇట్లనే చేస్తారని మా సీనియర్లు నాకు నేర్పినారు. నేను నా జూనియర్లకు నేర్పినా.

ఒకరోజు ఫోనొచ్చింది. రైల్వే స్టేషన్ వైపు ఒక పెద్దాయన ఇంట్లో పక్క రాష్ట్రం మందు పెట్టెలు పెట్టెలు ఉన్నాయని. మా సీఐ గారు, నేను, కానిస్టేబుల్ ఒకతను పోయినాం. ఆ కానిస్టేబుల్‌ది కొమరోలు. నాకంటే నాలుగేండ్లు చిన్న. వాళ్ళ ఊరి చర్చిలో సంఘ పెద్ద. మందు పట్టుకునే ఉద్యోగంలో అంతకాలం ఉండి ఒక్క చుక్క ముట్టని మనిషి నేను చూసినంతలో అతనొక్కడే. స్టేషన్లో సీసా పగిలితే కర్చీఫు ముక్కుకు కట్టుకుని ఊడ్చేవాడు. మేం ఆటపట్టిస్తే నవ్వేవాడే గానీ కోప్పడేవాడు కాదు. నన్ను "అన్నా" అనేవాడు. సొంత తమ్ముడు కూడా అంత ఆప్యాయంగా పిలిచి ఎరగను.

ఇల్లంతా వెతికితే పెట్టెలూ లేవు, గిట్టెలూ లేవు. గిట్టనోడెవడో చేసిన ఫోను. ఆ పెద్దాయనకు ఒకప్పుడు మార్కాపురం పక్కన పలకల గని ఉండేది. రాయి కోసి, పలకలు చీల్చి, విదేశాలకు పంపేవాడు. గని మూతపడినాక అక్కడ ఉండబుద్ధి కాక గిద్దలూరు వచ్చి ఉంటున్నాడు. ముందు గదిలో అద్దాల బీరువా. దాని నిండా పలకల నమూనాలు, నల్లవి, బూడిద రంగువి, పచ్చ జీర ఉన్నవి. వాటి నడుమ నిలబెట్టి ఒక సీసా. కొమరోలు తమ్ముడు దాన్ని చూసి సీఐ గారికి చూపించినాడు.

"దాన్ని మాత్రం ముట్టుకోవద్దు నాయనా" అన్నాడు పెద్దాయన. అంతవరకు కుర్చీలో నింపాదిగా ఉన్నవాడు లేచి నిలబడినాడు.

"ఏం, విషమా?" అన్నాడు సీఐ.

"విస్కీ. మన బార్లలో పోసే రకం కాదు. ఒకే బట్టీలో, బార్లీ మొలకలతో కాచి, చెక్కపీపాలో ముప్పై యేండ్లు ఉంచి తీసింది. కాచిన ఆ బట్టీ మూసేసినారు. ఇంక ఈ సరుకు భూమ్మీద పుట్టదు. నా దగ్గర పలక కొనే విదేశీ ఆసామి, గని మూతపడిందని తెలిసి పంపించినాడు. మూతపడిన గని వాళ్ళింట్లో మూతపడిన బట్టీ సరుకు ఉండనీ అన్నాడు."

"ఎప్పుడు తాగుతావు మరి?"

"నాకు షుగరు. తాగడానికి కాదయ్యా, చూసుకోవడానికి."

సీఐ గారు ఏం చేస్తాడు? ఉత్త చేతులతో తిరిగిపోతే పైవాళ్ళు మొట్టికాయలు వేస్తారు. సీసా మీద మన స్టిక్కరు లేదు. కేసు కట్టమన్నాడు. నేను సంచిలోంచి రాసిపెట్టిన పంచనామా తీసి పేరు నింపినా, ఊరు నింపినా, లెక్క దగ్గర "ఒకటి" అని వేసినా. కొమరోలు తమ్ముడు సీసాకు చీటీ అంటించి, సాక్షుల సంతకాల కోసం వరండాలోకి పోయినాడు.

అప్పుడు పెద్దాయన నా పక్కన వంగి మెల్లగా చెప్పినాడు. "నాయనా, దాని బిరడా ఎండిపోయింది. ఏటేటా కొంచెం ఆవిరైపోతా ఉంది. ఇప్పటికే రెండు వేళ్ళు తగ్గింది. అది కూడా రాసుకో."

"రాస్తాలే పెద్దాయనా" అన్నా.

రాయలేదు. సీసా చీకటి రంగు గాజుది, వెలుతురుకు ఎత్తి చూస్తే గానీ లోపల ఎంతుందో తెలియదు. ఎత్తలేదు. భోజనం వేళయింది, కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి. నా తప్పంతా ఇంతే, పిల్లలూ. చెయ్యి ఎత్తకపోవడం.

తమ్ముడు లోపలికి వచ్చి పంచనామా కింద సంతకం పెట్టినాడు. "చదువుకోరా" అన్నా. "నువ్వు రాసినాక నేను చదివేదేంది అన్నా" అన్నాడు.

సీసా స్టేషన్లో సామాన్ల గదిలోకి పోయింది. ఆ గది తాళంచెవి తమ్ముడి మొలతాడుకు ఉండేది. మూడు నెలలు ఎవరికీ అది గుర్తు కూడా లేదు.

పట్టుకున్న సరుకును రోడ్డు రోలరు కింద వేసి తొక్కించే ముందు పైనుంచి ఒక ఆఫీసరు వచ్చి అన్నీ సరిచూస్తాడు. ఆ యేడు వచ్చినాయన మందు గురించి బాగా తెలిసినవాడు. క్వార్టరు సీసాల వైపు కన్నెత్తి చూడలేదు గానీ ఈ సీసా కనపడగానే రెండు చేతులా ఎత్తుకున్నాడు. అట్ట మీద పేరు చదివి, "ఇది ఇక్కడికి ఎట్ల వచ్చిందయ్యా? ఆ బట్టీ మూసేసి ఎంత కాలమైందో తెలుసా?" అన్నాడు. గొంతు కూడా తగ్గించినాడు. కిటికీ వైపు ఎత్తి చూసినాడు. మొహం మారిపోయింది.

"నిండు సీసా అని రాసినారు గదా. రెండు వేళ్ళు తక్కువుంది. తాళం ఎవరి దగ్గర?"

"నా దగ్గర సార్" అన్నాడు తమ్ముడు.

"ఎట్లుంది రుచి?"

తమ్ముడికి అర్థం కాలేదు. అర్థమయినాక మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను తాగను సార్. ప్రభువు మీద ఒట్టు సార్."

"తాగనివాడికే రుచి చూడాలనిపిస్తుంది. మిగతావాళ్ళు ఇంత పాతది ఎందుకులే అని వదిలేస్తారు. పట్టుకో, నువ్వే చూడు" అని సీసా తమ్ముడి చేతిలో పెట్టినాడు. తమ్ముడు దాన్ని పట్టుకుని అట్లనే నిలబడినాడు. నేను అతని పక్కనే ఉన్నా. అట్ట కింది మూలన చిన్న అంకెలు నా కంట్లో పడినాయి. ఏడువందలు.

ఆ విదేశీ ఆసామి దేశంలో సీసాలు ఏడువందలే ఉంటాయంట. మనవి ఏడువందల యాభై. నా పంచనామాలో ఏడువందల యాభై అని ఉంది. అంటే సీసాను చూడకుండా రాసినానని ఆ సీసా మీదే అచ్చు వేసి ఉంది. ఆఫీసరు పేరు చూసినాడు, మట్టం చూసినాడు, ఆ మూల చూడలేదు. ఒక్కమాట అంటే అయిపోయేది. నా నాలుక లేవలేదు.

ఆయన పోయినాక సీఐ గారు నన్ను లోపలికి పిలిచినాడు. "నువ్వు నోరెత్తొద్దు. పంచనామాలు స్టేషన్లో రాసి తీసుకపోతామని బయటపడితే కోర్టులో ఉన్న మన కేసులన్నీ ఎగిరిపోతాయి. నీకు ఇంకా నాలుగు నెలల సర్వీసు ఉంది. పెన్షన్ కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి, గుర్తు పెట్టుకో." నేను తలూపి వచ్చినా.

విచారణ మార్కాపురంలో, పదకొండు రోజుల తర్వాత అన్నారు. ఆ పదకొండు రోజులు నేను ఒకచోట కూర్చున్నది లేదు. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. టీ అంగడికి పోయి టీ చెప్పి, తాగకుండానే వచ్చేసేవాణ్ణి. రాతల్లో తేదీలు తప్పు పడినాయి. పొయ్యి మీదున్న కూరలో ఉప్పెక్కువైందని మా ఆమె మీద అరిచినా. ఆమె అప్పటికింకా ఉప్పే వేయలేదు. "నీకేదో అయిందయ్యా, చెప్పు" అని ఆమె వెంటపడేది. ఏం చెప్పాలి? సామాన్ల గది ముందు నుంచి పోవాల్సి వస్తే చుట్టు తిరిగి వెనక గేటు నుంచి పోయేవాణ్ణి.

సోమవారం పొద్దున తమ్ముడు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడినాడు. ఎప్పుడూ అట్ల నిలబడడు, కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

"నిన్న ప్రభువు బల్ల ఆదివారం అన్నా" అన్నాడు. నెలకోసారి వాళ్ళ చర్చిలో రొట్టె, ద్రాక్షరసం అందరికీ పంచుతారు. ఆ పళ్ళెం ఇరవై యేండ్లుగా తమ్ముడే పట్టుకునేవాడు. "పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచి, ఈ గొడవ తేలేదాకా నాలుగు రోజులు వెనక కూర్చో అయ్యా అన్నాడు. మంచిగానే చెప్పినాడు. ఆయన్ని తప్పు పట్టను. వెనక వరసలో కూర్చున్నా. పళ్ళెం నా దగ్గరికి వచ్చింది అన్నా. తీసుకోబుద్ధి కాలేదు. పక్కనాయనకు ఇచ్చేసినా."

"అంతా సర్దుకుంటుందిలే" అన్నా. నా గొంతు నాకే అసహ్యమనిపించింది. అతను ఇంకా ఏదో అంటాననుకుని కాసేపు నిలబడి, పోయినాడు.

విచారణ రోజు ఇద్దరం ఒకే బస్సులో మార్కాపురం పోయినాం. అతను కిటికీ పక్కన కూర్చుని కంభం దాటేదాకా కండ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాడు. నేను సీట్లో కుదురుగా కూర్చోలేక రెండుసార్లు లేచి నిలబడినా. కండక్టరు, "దిగాలా సార్?" అని అడిగినాడు.

ఆఫీసరు గదిలో బల్ల మీద సీసా ఉంది. పలకల పెద్దాయనను కూడా పిలిపించినారు. ఆయన బిరడా సంగతి చెప్పినాడు. "పీపాలో ఉన్నప్పుడు కూడా ఏటేటా కొంత ఆవిరైపోతుంది సార్. అది దేవదూతల వాటా అని అక్కడివాళ్ళు అంటారంట. సీసాలోకి వచ్చినా వాళ్ళు వదిలినట్టు లేదు."

"కేసులో ముద్దాయివి నువ్వు. నీ మాట ఎవరికి కావాలి?" అని ఆఫీసరు తమ్ముడి వైపు తిరిగినాడు. "ఏమయ్యా, మీ దేవదూతలు తాగిపోయినారంటావా?"

"మా దూతలకు ఆ అలవాటు లేదు సార్" అన్నాడు తమ్ముడు. అతను వెటకారానికి అనలేదు, మనసులో ఉన్నమాటే అన్నాడు. పెద్దాయనకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు.

ఆఫీసరు కూడా మెత్తబడినట్టుంది. ఒక తెల్లకాగితం, పెన్ను ముందుకు తోసినాడు. "చూడు, ఒక గుక్క తాగినానని రాసివ్వు. తప్పయింది, క్షమించమని రాయి. చిన్న శిక్షతో వదిలేస్తా. లేదంటే ఇయ్యాల్నే సస్పెన్షన్."

తమ్ముడు పెన్ను తీసుకున్నాడు. మూత తీసినాడు. మళ్ళీ పెట్టినాడు. "తాగలేదు గదా సార్, ఎట్ల రాసేది?" అన్నాడు. అని, తల తిప్పి నా వైపు ఒక్కసారి చూసినాడు. కోపంగా చూడలేదు. ఊరికే చూసినాడు. ఇప్పటికీ సీసా చేతికొస్తే ఆ చూపే గుర్తొస్తుంది.

"సార్" అని లేచినా. "ఆ అట్ట కింది మూలన చూడండి సార్. ఎంతుంది?"

ఆఫీసరు అద్దాలు సర్దుకుని చూసినాడు. "ఏడువందలు."

"నేను పంచనామాలో ఏడువందల యాభై అని రాసినా. సీసాను ఒక్కసారి చూసినా అట్ల రాస్తానా సార్? పోకముందే స్టేషన్లో రాసుకున్న కాగితం అది. అంకె చూడనివాణ్ణి మట్టం చూసి ఉంటానా? నిండు సీసా అన్నది నా అలవాటు రాత. పెద్దాయన తగ్గిందని నాకు చెప్పినాడు, రాసుకోమన్నాడు. రాయలేదు. ఇతనికేమీ తెలియదు. నన్ను నమ్మి సంతకం పెట్టినాడు."

ఆఫీసరు పంచనామా తీసి అంకె చూసి, సీసా చూసి, నన్ను చూసినాడు. "ఎన్నేండ్ల సర్వీసయ్యా నీది?" అన్నాడు. చెప్పినా. "సిగ్గు లేదా?" అన్నాడు.

తమ్ముణ్ణి అక్కడికక్కడే వదిలేసినారు. నాకు ఛార్జి మెమో వచ్చింది. పెన్షన్ ఆగలేదు గానీ చాలా ఆలస్యంగా వచ్చింది, సీఐ గారు రిటైర్మెంటు రోజు నాకు దండ కూడా వేయలేదు. కేసు నిలవలేదు. నేను రిటైర్ కాకముందే పెద్దాయన సీసా తీసుకపోవడానికి స్టేషన్‌కు వచ్చి, ముందు కిటికీ దగ్గర ఎత్తి చూసుకున్నాడు. "మీ దగ్గర ఇంకొంచెం తగ్గినట్టుందే" అన్నాడు. రసీదు రాయబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపినాడు. "ఇప్పుడన్నా సరిగ్గా రాయి నాయనా. ఏడువందల సీసా, రెండు వేళ్ళ వెలితి." ఆయన చెప్పినట్టే రాసిచ్చినా.

ఇక్కడితో ఆపేస్తే మీరు నన్ను మంచివాడు అనుకుంటారు. అసలు సంగతి తిరుగు బస్సులో జరిగింది.

బస్సు తర్లుపాడు దాటినాక తమ్ముడు నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "నీ రుణం తీర్చుకోలేను అన్నా" అన్నాడు. తర్వాత అడిగినాడు. "ఆ ఏడువందలు ఎప్పుడు చూసినావన్నా?"

"ఇయ్యాల్నే. బల్ల మీద పెట్టినారు గదా, అప్పుడు" అన్నా.

"సరే అన్నా" అన్నాడు. చెయ్యి వదల్లేదు.

నేను రిటైరైనా, తర్వాత అతనూ అయినాడు. పండక్కి కేకు పంపేవాడు, మా ఆమె అప్పచ్చులు పంపేది. ఒకసారి వాళ్ళ ఊరాయన బస్టాండులో కనపడి మాటల్లో చెప్పినాడు, తమ్ముడు చర్చిలో మళ్ళీ పళ్ళెం పట్టుకోలేదంట. పాస్టరుగారు ఎంత బతిమాలినా "చిన్నవాళ్ళు చేయనీయండి" అని వెనక వరసలోనే కూర్చుంటాడంట. ఆ మాట విన్నప్పటి నుంచి నా కాళ్ళు ఇంట్లో నిలవలేదు. వీధి గుమ్మం దాకా పోవడం, వెనక్కి రావడం. చివరికి పోయిన నెల మా ఆమె చెప్పులు తెచ్చి నా ముందు పడేసింది. "ఎక్కడికి పోవాలో పోయి రాపో. నేల అరిగిపోతా ఉంది" అంది.

కొమరోలు బస్సెక్కినా. తమ్ముడు బోరు దగ్గర గొర్రెలకు నీళ్ళు పెడుతున్నాడు. నన్ను చూసి బక్కెట పక్కన పెట్టి వచ్చినాడు, మంచం వాల్చినాడు, లోపలి నుంచి మజ్జిగ తెచ్చినాడు. గ్లాసు పట్టుకున్నా గానీ తాగలేదు. కూర్చోకుండానే చెప్పేసినా.

"తమ్ముడూ, ఆ ఏడువందలు నేను విచారణ రోజు చూడలేదురా. మొదటి రోజే చూసినా. నీ చేతిలో సీసా పెట్టినాడే, అప్పుడే. పదకొండు రోజులు తెలిసే నోరు మూసుకున్నా. నువ్వు వెనక వరసలో కూర్చున్నానని చెప్పినప్పుడు కూడా."

అతను మంచం మీద కూర్చుని తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

"నేనూ అప్పుడే చూసినా అన్నా" అన్నాడు. "సీసా నా చేతిలోనే ఉండె గదా. నువ్వు రాసే ఏడువందల యాభై నాకు కంఠతా వచ్చు."

"మరి చెప్పలేదేందిరా? ఒక్కమాట చెప్పి ఉంటే బయటపడేవాడివి గదా!"

"అది నీ రాత గదా అన్నా" అన్నాడు. "నువ్వే చెప్తావని చూస్తా ఉన్నా."